కత్తి దూసేముందు పుస్తకం తియ్యండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడిపేవాళ్ళకు ఎవరైనా మొదట చెప్పే సలహా ఒకటుంది. రూల్ గుర్తు రాకపోతే ఆట ఆపొద్దు, అప్పటికి తోచింది చెప్పేసి ముందుకు పోవాలి, పుస్తకం రేపు చూసుకోవచ్చు అంటారు. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. ఆట ఆపండి. కత్తి ఎత్తిన రాక్షసుణ్ణి అలాగే నిలబెట్టి, పుస్తకం తీసి, ఆ పేరా అందరికీ వినిపించేలా చదవండి. పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. చదివాక అందులో ఏముందో అదే చెయ్యండి, అది మీకు ఎంత విడ్డూరంగా అనిపించినా సరే.

దీన్ని తలకిందుల సలహా అని చాలామందే అన్నారు. ఆట పలచబడుతుందని, ఊహకు సంకెళ్ళు పడతాయని, డీఎంకి ఉన్న అధికారమంతా కాగితానికి అప్పజెప్పినట్టవుతుందని వాళ్ళ వాదన. దగ్గర నుంచి కొట్టుకునే పోరాటం వరకైనా నేను ఆ వాదన ఒప్పుకోను. బేరసారాల్లో, గూఢచర్యంలో, ప్రయాణాల్లో డీఎం ఇష్టం. కత్తి బయటికి వచ్చిందంటే మాత్రం పుస్తకమే.

ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డీఎం, అంటే డంజన్ మాస్టర్. కథ చెప్పడం, రాక్షసుల్ని నడపడం ఆ మనిషి పని. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. కొట్టాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర బలానికీ నేర్పుకీ వచ్చే అంకె కలిపి, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌ని అందుకోవాలి. అందుకుంటే దెబ్బ తగిలినట్టు, అతని హిట్ పాయింట్లలో కొన్ని పోయినట్టు. నేను నడిపేది 2014లో వచ్చిన అయిదో ఎడిషన్. ఉదాహరణలు దాంట్లోవే. 2024 పుస్తకంలో మారినవి తగిలిన చోట చెబుతాను.

మొట్టమొదట చెయ్యాల్సిన పని, కత్తియుద్ధం గురించి మీకు తెలిసినదంతా గుమ్మం బయట వదిలేసి రావడం. ఫెన్సింగ్ నేర్చుకున్నవాళ్ళు, కర్రసాము తెలిసినవాళ్ళు, మధ్యయుగపు ఖడ్గవిద్య మీద వీడియోలు చూసి వచ్చేవాళ్ళు బల్ల దగ్గర ఉంటే వాళ్ళకు ఈ మాట రెండుసార్లు చెప్పండి. "నిజంగా అయితే అలా జరగదు" అనే మాటకు నా బల్ల దగ్గర చోటు లేదు. క్రికెట్‌లో బంతి వికెట్లకు తగిలినా బెయిల్ ఊడిపడకపోతే బ్యాట్స్‌మన్ నాటౌట్. అక్కడ బంతి తగిలిన మాట నిజమే కదా అని ఎవరూ వాదించరు.

ఈ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే నా పట్టుదల అర్థమవుతుంది. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ కలిసి 'చైన్‌మెయిల్' అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట రాశారు. పెద్ద యుద్ధాల్లో ఒక్కో బొమ్మ ఇరవైమంది సైనికుల కింద లెక్క. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు పోరాటానికి చైన్‌మెయిల్‌నే ఆధారం చేసుకున్నారు. ఇరవై ముఖాల పాచిక పద్ధతిని పక్కన ప్రత్యామ్నాయంగా ఇచ్చారు. చివరికి ఆ ప్రత్యామ్నాయమే నిలిచింది. ఇక ఆర్మర్ క్లాస్, హిట్ పాయింట్లు అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప కవచపు ఓడల మీద తాను తయారు చేసుకున్న ఆటలోంచి తెచ్చానని ఆర్నెసన్ చెప్పారు. ఎన్ని గుండ్లు తగిలితే ఓడ మునుగుతుందో చూసే లెక్కను మనిషి ఒంటికి తగిలించారన్నమాట. అలాంటి లెక్కను పట్టుకుని "ఎనిమిది పాయింట్లు పోయాయంటే భుజం తెగినట్టా, తొడ తెగినట్టా" అని అడిగితే జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? గైగాక్స్ కూడా 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో, హిట్ పాయింట్లలో ఒంటి దిటవు కొంతేనని, మిగతాదంతా నేర్పు, అదృష్టం, దైవబలం లాంటివని వివరించారు.

కాలం సంగతీ అంతే. 1970ల చివర్లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక రౌండ్, అంటే అందరూ తలా ఒక వంతు ఆడేంత కాలం, ఒక నిమిషం. ఆ నిమిషంలో ఎన్నో పోట్లు, తప్పించుకోవడాలు జరుగుతాయి, వాటన్నిటి ఫలితం ఒక పాచిక అని అప్పట్లో చెప్పారు. 1981 నాటి బేసిక్ పెట్టెలో రౌండ్ పది సెకన్లు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి ఆరు సెకన్లు. పాచిక మాత్రం అదే ఇరవై ముఖాలది. నిమిషం కాస్తా ఆరు సెకన్లకు దిగినా పాచిక కదల్లేదంటే, ఆ పాచికకూ నిజమైన కత్తి వేగానికీ చుట్టరికం లేదనే అర్థం. "ఆరు సెకన్లలో మనిషి ఎన్నిసార్లు పొడవగలడు" అని స్టాప్‌వాచ్ తీసేవాళ్ళకు నా జవాబు ఇదే.

నిజమైన పోరాటమే కావాలనుకుంటే దానికి వేరే ఆటలున్నాయి. 1978లో కేయోసియం సంస్థ తెచ్చిన 'రూన్‌క్వెస్ట్' వెనుక ఉన్న స్టీవ్ పెర్రిన్, కవచాలు తొడుక్కుని మధ్యయుగపు పోరాటాలు సరదాగా ఆడే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజంలో తిరిగిన మనిషి. ఆ అనుభవం పుస్తకంలో కనిపిస్తుంది. కొట్టడానికి ఒక రోల్, కాసుకోవడానికి ఇంకో రోల్, దెబ్బ ఏ అవయవానికి తగిలిందో చూడటానికి మరొకటి. కవచం దెబ్బను తప్పించదు, దెబ్బలో కొంత మింగేస్తుంది. చక్కని ఆట. అది ఆడాలనిపిస్తే అదే ఆడండి. ఒక ఆట ఆడుతూ ఇంకో ఆట రూల్స్ నోటితో కలపకండి.

నోటితో కలపడం అన్నాను కాబట్టి అసలు తగాదాల పుట్టకు వస్తాను. ఆపర్చునిటీ అటాక్. పక్కనున్న శత్రువు వెనక్కి తగ్గుతుంటే దొరికిన సందులో వేసే దెబ్బ. ఈ ఒక్క రూల్ మీద జరిగినంత గొడవ ఇంక దేని మీదా జరగదు. పుస్తకంలో ఉన్నది రెండు మూడు వాక్యాలే. మీకు కనిపిస్తున్న శత్రువు మీ రీచ్, అంటే ఆయుధం అందే మేర, దాటి బయటికి కదిలితే, మీ రియాక్షన్, అంటే ఎదుటివాడి కదలికకు బదులుగా చేసే పని, వాడుకుని దగ్గరి ఆయుధంతో ఒక్క దెబ్బ వెయ్యొచ్చు. ఆ దెబ్బ అతను రీచ్ దాటడానికి సరిగ్గా ముందు పడుతుంది. ఒక్కో ముక్కా చేత్తో పట్టుకుని చూడండి.

కనిపిస్తున్న శత్రువు అన్నారు. చీకట్లో కనిపించనివాడు పారిపోతే మీకు దెబ్బ లేదు. రీచ్ దాటి బయటికి అన్నారు. గోబ్లిన్ ఒకడు మీ ఎదుట నుంచి మీ వీపు వెనక్కి, మీ చుట్టూ అయిదడుగుల లోపలే ప్రదక్షిణ చేశాడనుకోండి, వాడు రీచ్ దాటలేదు, మీకు దెబ్బ లేదు. ఇక్కడే పాత ఆటగాళ్ళు లేచి నిలబడతారు. మూడో ఎడిషన్‌లో అలా కాదు. బల్ల మీది పటంలో మీ కత్తి అందే అయిదడుగుల గడిలోంచి బయటికి కదలడమే నేరం, పక్క గడి కూడా మీకు అందేదే అయినా సరే. అక్కడ అయిదడుగుల స్టెప్ అని ఒక మినహాయింపు ఉండేది, అయిదో ఎడిషన్‌లో అది లేదు. అందుకే పదేళ్ళు పాత ఎడిషన్ ఆడి వచ్చిన మనిషి ఆత్మవిశ్వాసంతో చెప్పే మాటను అసలు నమ్మకండి. కొత్తగా నిన్న పుస్తకం చదివినవాడి మాట వినండి. వాడి తలలో ఒక్క ఎడిషనే ఉంది.

హాల్‌బర్డ్ లాంటి పొడుగు ఆయుధం దగ్గర ఇంకా చిక్కు. దాని రీచ్ పదడుగులు. మిమ్మల్ని ఆనుకుని నిలబడ్డ శత్రువు ఒక గడి వెనక్కి తగ్గితే ఇంకా మీ రీచ్ లోపలే ఉంటాడు, దెబ్బ లేదు. దూరం నుంచి మీ మీదికి పరుగెత్తుకొచ్చేవాడికీ దెబ్బ లేదు, వాడు లోపలికి వస్తున్నాడు కాబట్టి. "బారు ఆయుధం పట్టుకున్నవాడి మీదికి ఉత్త చేతుల్తో ఎవడైనా వస్తాడా, వస్తే పొడవడా" అని ప్రతి బల్ల దగ్గరా ఒకరు అడుగుతారు. పొడుస్తాడు, పోల్ఆర్మ్ మాస్టర్ అనే ఫీట్ తీసుకుంటే పొడుస్తాడు. ఆ నేర్పు కోసం ఒక ఆటగాడు తన పాత్ర ఎదుగుదలలో ఒక మెట్టు ఖర్చు పెట్టాడు. అదే పని ఊరికే చెయ్యనిస్తే ఆ మనిషి ఖర్చు పెట్టింది నీళ్ళలో పోసినట్టే. డీఎం జాలిపడి ఒకరికి ఉచితంగా ఇచ్చేది, పక్కన కూర్చున్న ఇంకొకరి జేబులోంచే వస్తుంది. ఈ లెక్క గుర్తున్నవాళ్ళు చాలా తక్కువ.

తోసేస్తే వెనక్కి పడ్డవాడికి దెబ్బ లేదు, వాడు తన కాళ్ళతో కదల్లేదు. డిసొనెంట్ విస్పర్స్ మంత్రం విని బెదిరి పరుగెత్తేవాడికి దెబ్బ ఉంది, ఎందుకంటే ఆ మంత్రం వాణ్ణి తన రియాక్షన్‌తో తనే పరుగెత్తేలా చేస్తుంది. ఇవన్నీ ఆ రెండు మూడు వాక్యాల్లోంచే వస్తాయి. ఎవరి తెలివీ అక్కర్లేదు.

ఒక బల్ల దగ్గర నేను చూసింది చెబుతాను. ఆ రోజు నేను ఆడేవాణ్ణే, నడిపింది వేరొకరు. చివర్న కూర్చున్న అమ్మాయిది దొంగ పాత్ర, అంటే రోగ్, మూడో లెవెల్. ఆటకు కొత్త, మాట నెమ్మది. తన టర్న్‌లో బగ్‌బేర్‌ని రేపియర్‌తో పొడిచి స్నీక్ అటాక్, అంటే దొంగదెబ్బ, పాచికలు వేసింది. తర్వాత బగ్‌బేర్ టర్న్ వచ్చింది. ఆ రాక్షసుడు ఆమెను వదిలి వెనక వరసలోని మాంత్రికుడి మీదికి కదిలాడు. ఆమె రియాక్షన్‌తో దెబ్బ వేసింది, తగిలింది, మళ్ళీ స్నీక్ అటాక్ పాచికలు అందుకుంది. డీఎం ఆపాడు. "ఒకసారి వేశావు కదమ్మా, రౌండ్‌కి ఒకసారే."

"అన్నా, టర్న్‌కి ఒకసారి అని ఉందన్నా. ఇది వాడి టర్న్ కదా."

"టర్న్ అన్నా రౌండ్ అన్నా నీ వంతు వచ్చినప్పుడే కదా."

ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. వెన్నుపోటు అంటే దొంగచాటుగా పొడవడం, ఎదురుగా పోతున్నవాణ్ణి పొడిస్తే వెన్నుపోటు ఎలా అవుతుంది అన్నారు ఒకరు. ఆమె పాచికలు కింద పెట్టేసింది. పుస్తకం ఆమె సంచిలోనే ఉంది, తియ్యలేదు.

ఆమె చెప్పిందే రైటు. స్నీక్ అటాక్ టర్న్‌కి ఒకసారి. రౌండ్‌లో ప్రతి ఒక్కరికీ ఒక టర్న్ ఉంటుంది, బగ్‌బేర్ టర్న్ వేరే టర్న్. దాక్కోవాల్సిన పని లేదు, లక్ష్యానికి అయిదడుగుల్లో దాని శత్రువు ఇంకొకరు స్పృహలో నిలబడి ఉంటే చాలు. దెబ్బ రీచ్ దాటడానికి ముందు పడుతుంది కాబట్టి ఆ క్షణంలో బగ్‌బేర్ ఇంకా మా ఫైటర్ (యోధుడి పాత్ర) పక్కనే ఉన్నాడు. మూడు రూల్స్ మూడు చోట్ల ఉన్నాయి, మూడూ చదివి కలిపి ఆలోచించి వచ్చింది ఆ అమ్మాయి. రేపియర్ 1డి8, అంటే ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, స్నీక్ 2డి6, చురుకుదనానికి 3. సగటున పద్నాలుగున్నర దెబ్బ. బగ్‌బేర్‌కి ఉండేది 27 హిట్ పాయింట్లు. మొదటి దెబ్బ, రెండో దెబ్బ కలిస్తే వాడు అక్కడే పడిపోయేవాడు, మాంత్రికుడి దాకా వెళ్ళేవాడు కాదు.

నేను రూల్‌ని అక్షరాలా పట్టుకోమనేది ఇందుకు. "ఇంగితం ప్రకారం చూద్దాం" అన్నప్పుడల్లా బల్ల దగ్గర గెలిచేది ఇంగితం కాదు, గొంతు. బాగా మాట్లాడగలిగినవాడు, డీఎంకి స్నేహితుడు, ఎక్కువేళ్ళుగా ఆడుతున్నవాడు, ఇంగ్లిష్ సులువుగా వచ్చినవాడు గెలుస్తాడు. అచ్చయిన పేజీకి స్నేహితులు లేరు. అది అందరికీ ఒక్కటే చెబుతుంది. మాట పెగలని మనిషి వేలు పెట్టి చూపించడానికి బల్ల మీద ఉన్న ఏకైక ఆధారం అదే.

పొగమంచు రూల్ చూడండి, ఇంగితానికి అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. ఫాగ్ క్లౌడ్ మంత్రం వేస్తే ఇరవై అడుగుల వ్యాసార్ధంలో దట్టమైన పొగ. లోపల ఇద్దరు కత్తులతో నిలబడ్డారు, ఒకరికొకరు కనిపించరు. తడబడుతూ గాల్లో కత్తులు తిప్పుతారని మీరూ నేనూ అనుకుంటాం. పుస్తకం ఏమంటుంది? మీరు చూడలేనివాణ్ణి కొడితే డిస్అడ్వాంటేజ్, రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. మిమ్మల్ని చూడలేనివాణ్ణి కొడితే అడ్వాంటేజ్, ఎక్కువది తీసుకోవాలి. రెండూ ఉంటే కొట్టుకుపోతాయి, మామూలుగా ఒక పాచిక. అంటే పొగలో ఇద్దరు గుడ్డిగా కొట్టుకున్నా పట్టపగలు కొట్టుకున్నా తేడా లేదు. దీన్ని చూసి నవ్వి, ఇద్దరికీ డిస్అడ్వాంటేజ్ ఇచ్చేసే డీఎంలు కోకొల్లలు.

ఆ పని చెయ్యకండి. నవ్వే బదులు ఇంకో రెండు రూల్స్ పక్కన పెట్టి చూడండి. పొగలో ఆపర్చునిటీ అటాక్ లేదు, కనిపించాలి కదా. కనిపించే లక్ష్యం కావాలనే మంత్రాలు పనిచెయ్యవు. మీ పాత్ర నేల మీద పడి ఉందని, దగ్గరున్నవాడికి మీ మీద అడ్వాంటేజ్ ఉందని అనుకోండి, పొగలో అది కూడా పోతుంది, ఎందుకంటే ఎన్ని అడ్వాంటేజ్‌లున్నా ఒక్క డిస్అడ్వాంటేజ్ ఉంటే చాలు, అన్నీ రద్దు. కాబట్టి పొగమంచు కాచుకోవడానికి వేసే మంత్రం కాదు. చిక్కుబడ్డవాళ్ళు దెబ్బ తినకుండా జారుకోవడానికి, పడ్డవాణ్ణి ఈడ్చుకుపోవడానికి వేసేది. రూల్‌ని దిద్దినవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. రూల్‌ని నమ్మినవాడు ఒక ఎత్తు నేర్చుకుంటాడు.

గ్రాపుల్, అంటే పట్టు పట్టడం, క్లుప్తంగా చెబుతాను. 2014 పుస్తకంలో పట్టుబడ్డవాడికి ఆగిపోయేది నడక ఒక్కటే. కత్తి మామూలుగానే తిప్పగలడు, ఎవరినైనా కొట్టగలడు. "చేతులు కట్టేసినట్టే కదా" అనకండి. 2024లో మార్చారు, ఇప్పుడు పట్టిన మనిషిని కాకుండా వేరేవాళ్ళను కొడితే డిస్అడ్వాంటేజ్. ఏ పుస్తకం బల్ల మీద ఉంటే ఆ పుస్తకం. ఇంకో ముక్క: పట్టు పట్టి, తర్వాత తోసి పడగొట్టండి. లేవాలంటే సగం నడక ఖర్చవుతుంది, వాడి నడక సున్నా, లేవలేడు.

ఇప్పుడు అందరికీ కోపం తెప్పించే ఉదాహరణ. కోట గోడ మీద కాపలావాడు నిద్రపోతున్నాడు. ఫైటర్ పిల్లిలా వెళ్ళి గొంతు మీద బాకు పెట్టాడు. "కోసేస్తాను" అన్నాడు ఆటగాడు. ఎవరైనా ఏమంటారు? చచ్చాడు, ముందుకు పదండి అంటారు. నేను పాచిక వెయ్యమంటాను. స్పృహలో లేనివాణ్ణి కొడితే అడ్వాంటేజ్, దగ్గర నుంచి తగిలితే క్రిటికల్, అంటే దెబ్బ పాచికలు రెట్టింపు. పుస్తకంలో ఉన్నది అంతే. గొంతు కోయడం అనే రూల్ లేదు. బాకుకి 2డి4, బలానికి 3. రెండు పాచికల మీదా నాలుగు పడితే మొత్తం పదకొండు. మాన్‌స్టర్ మాన్యువల్‌లో మామూలు గార్డ్‌కి ఉండేవి సరిగ్గా 11 హిట్ పాయింట్లు. దెబ్బ తగిలినా పదహారింట ఒక వంతే అవకాశం. మిగతా పదిహేను సార్లూ వాడు అరుస్తూ లేస్తాడు.

ఇది అన్యాయం అన్నవాళ్ళకు అదే పని మొదటి లెవెల్ రోగ్‌తో చేయించి చూపించండి. స్నీక్ అటాక్ కూడా రెట్టింపవుతుంది, 2డి4కి 2డి6 కలుస్తాయి, సగటు పదిహేను. కాపలావాడు చప్పుడు లేకుండా పోవడానికే ఎక్కువ అవకాశం. అంటే నిద్రలో గొంతు కోయడం అనే విద్య ఈ ఆటలో ఉంది, అది ఒక వృత్తివాళ్ళ సొత్తు. ఫైటర్‌కి అది ఇచ్చేస్తే రోగ్ ఎందుకు? ఇంకో మాట కూడా ఆటగాళ్ళకు ముందే చెప్పండి. రేపు రాత్రి మీ పాత్రలు అడవిలో నిద్రపోతాయి. కాపలా కాసేవాడు కునుకు తీస్తే గోబ్లిన్లు వస్తారు. ఈ రోజు "చచ్చాడు" అని చెప్పిన డీఎం రేపు కూడా అదే చెప్పాలి. నా బల్ల దగ్గర గోబ్లిన్ కూడా పాచిక వెయ్యాలి.

పుస్తకంలో లేనిది లేదు. కంటికి గురిపెట్టడం లేదు. మోకాలి మీద కొట్టి కుంటివాణ్ణి చెయ్యడం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకటి పడితే కత్తి జారిపోవడం లేదు. ఈ చివరిది ఊరూరా అలవాటైపోయింది. పాచిక మీద ఒకటి పడితే దెబ్బ తప్పినట్టు, అంతవరకే రూల్. దానికి పైన కత్తి జారిందని, పక్కవాడికి తగిలిందని, విల్లు తాడు తెగిందని డీఎంలు సొంతంగా కల్పిస్తారు, అందరూ సరదాపడతారు. లెక్క వెయ్యండి. ఒక పాచిక మీద ఒకటి పడే అవకాశం నూటికి అయిదు. ఫైటర్‌కి అయిదో లెవెల్లో రెండు దెబ్బలు, పదకొండులో మూడు, ఇరవైలో నాలుగు. నాలుగు పాచికల్లో కనీసం ఒకదాని మీద ఒకటి పడే అవకాశం నూటికి పద్దెనిమిదిన్నర. అంటే లోకంలోకెల్లా గొప్ప కత్తివీరుడు అయిదారు టర్న్‌లకు ఒకసారి కత్తి కింద పడేసుకుంటాడు, నిన్న కత్తి పట్టిన కుర్రాడు ఇరవై టర్న్‌లకు ఒకసారి. ఎదుటివాళ్ళనే పాచిక వెయ్యమనే మంత్రాలతో బతికే మాంత్రికుడికి ఆ గండమే లేదు. సరదా కోసం పెట్టిన ఈ కల్పన నేరుగా చేత్తో కొట్లాడేవాళ్ళ మీద వేసిన పన్ను. వాళ్ళే ఈ ఆటలో ముందు నిలబడి దెబ్బలు తినేవాళ్ళు. ఈ అలవాటు మీ బల్ల దగ్గర ఉంటే ఈ వారమే మానేయండి.

రాసినవాళ్ళనూ అడగొద్దు. ఇది నా సలహాల్లో చాలామందికి మింగుడుపడనిది. డ్రాగన్ పత్రిక రోజుల నుంచి 'సేజ్ అడ్వైస్' పేరుతో ప్రశ్నలు జవాబులు నడిచాయి, అయిదో ఎడిషన్‌కి జెరెమీ క్రాఫర్డ్ జవాబులిచ్చారు. పాలడిన్, అంటే దైవబలంతో పోరాడే యోధుడు, ఉత్త చేత్తో గుద్దితే డివైన్ స్మైట్ అనే అదనపు దెబ్బ పడుతుందా అన్నది వాటిలో పేరుపడ్డ ప్రశ్న. 2014 పుస్తకంలో ఆయుధం చేసే దెబ్బకు అదనంగా అని ఉంది. పిడికిలి ఆయుధం కాదు. కాబట్టి పడదు. అది పుస్తకంలోంచే తేలిపోయింది, ఎవరినీ అడగక్కర్లేదు. 2024లో ఆ రూల్‌ని తిరగరాసి పిడికిలికి కూడా చోటిచ్చారు, కాబట్టి ఆ పుస్తకంతో ఆడేవాళ్ళకు పడుతుంది. రచయిత మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఫోన్ తీస్తే, బల్ల దగ్గర ఎవరి ఫోన్‌లో ఏ పాత జవాబు దొరికితే అది నెగ్గుతుంది. అచ్చులో ఉన్నది ఒక్కటే అందరికీ అందుబాటులో ఉంటుంది.

అక్షరాలా చదివితే మోసగాళ్ళకు దారి ఇచ్చినట్టే అని ఒక అభ్యంతరం. దానికి పేరుమోసిన సాక్ష్యం 'పెజంట్ రైల్‌గన్'. వేలమంది రైతుల్ని వరసగా నిలబెట్టి, చేతికర్ర ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. ప్రతి ఒక్కరూ అందించడానికి సిద్ధంగా ఉన్నారు కాబట్టి కర్ర ఒకే రౌండ్‌లో, అంటే ఆరు సెకన్లలో, మైళ్ళు ప్రయాణిస్తుంది. ఆ వేగంతో చివరివాడు విసిరితే డ్రాగన్ ముక్కలైపోతుంది అంటారు. జాగ్రత్తగా చూడండి. మొదటి సగం రూల్ పుస్తకంలోంచి తీశారు, రెండో సగం భౌతికశాస్త్రం పుస్తకంలోంచి. వేగానికి దెబ్బ అని ఈ ఆటలో ఎక్కడా లేదు. చివరి రైతు విసిరేది విసిరే ఆయుధం కాదు, దాని దెబ్బ 1డి4. అక్షరాలా చదివినవాడి దగ్గర ఈ ఎత్తు సాగదు. అది సాగేది "నిజంగా అయితే" అని సగంలో పక్కదారి పట్టేవాళ్ళ దగ్గరే. 2024 డంజన్ మాస్టర్స్ గైడ్ కూడా రూల్స్ భౌతికశాస్త్రం కావని విడిగా హెచ్చరించింది.

కొత్తవాళ్ళకు ఆడుతూ ఆడుతూ నేర్పమంటారు. నేను ముందే చదివించమంటాను. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పోరాటం తొమ్మిదో అధ్యాయం, 189 నుంచి 198 దాకా, పది పేజీలు. మొదటి రోజు పాచికలు బయటికి తియ్యకండి. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పేజీ పైకి చదవండి, అర్థం కానిచోట తెలుగులో చెప్పుకోండి, బల్ల మీద బొమ్మలు కదిపి చూసుకోండి. ఒక సాయంత్రం పోతుంది. విసుగొచ్చి ఒకరిద్దరు వెళ్ళిపోయినా వెళ్ళనివ్వండి. మిగిలినవాళ్ళలో ఏ ఒక్కరూ ఇక మీదట ఇంకొకరి దయ మీద ఆడక్కర్లేదు.

పుస్తకం ఖరీదనే సాకు ఇప్పుడు లేదు. 2023 జనవరిలో ఈ ఆటను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఈ రూల్స్ సారాన్ని, సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1 ని, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేసింది. మూలం పేరు చెప్పి ఎవరైనా ముద్రించుకోవచ్చు, పంచుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు. పోరాటం భాగం ప్రింట్ తీసి, వచ్చే ఆటకు ఎంతమంది వస్తారో అన్ని ప్రతులు బల్ల మీద పెట్టండి. ఇంగ్లిష్, తెలుగు రెండూ బాగా వచ్చినవాళ్ళు ఆ పేజీలు తెలుగులో రాసి మిగతావాళ్ళకు ఇవ్వండి.